బాప్తిస్మం తర్వాత ఏం చేయాలి?

(చంద్రపూర్ జిల్లా ఊర్జానగర్‌లో తెలుగు యువ విశ్వాసుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మన మధ్య మూడు రకాలవాళ్లు ఉన్నారు. ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఉన్నారు. తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఉన్నారు. తీసుకుని ఇరవై ముప్పై ఏళ్లు గడిచినవాళ్లూ ఉన్నారు. ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చినవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. మీ అందరికోసం ఇవాళ ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. నీళ్లలోంచి బయటికి వచ్చాక ఏం చేయాలి?

బాప్తిస్మం రోజు అందరికీ గుర్తుంటుంది. తెల్లబట్టలు, పాటలు, ఫొటోలు, భోజనాలు. ఆ తర్వాతి సోమవారం మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ సోమవారం అదే ఇల్లు, అదే అప్పు, అదే ఠేకేదార్, అదే స్నేహితులు, సాయంత్రం అదే మందు దుకాణం. కొత్త విశ్వాసి పడిపోయేదీ ఆ సోమవారమే, నిలబడేదీ ఆ సోమవారమే. అందుకే ఇవాళ ఆదివారం గురించి తక్కువగా, సోమవారం గురించి ఎక్కువగా మాట్లాడుకుందాం.

చాలామంది ప్రభువు దగ్గరికి ఏదో ఒక అవసరంతోనే వస్తారు. ఇంట్లో జబ్బు, తీరని అప్పు, పర్మనెంట్ కాని ఉద్యోగం. అవసరంతో రావడం తప్పు కాదు. సువార్తల్లో యేసు దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అలాగే వచ్చారు. అయితే కొందరు బోధకులు దీన్ని బేరంగా మార్చేస్తున్నారు. నమ్మితే ఉద్యోగం వస్తుంది, కానుక ఇస్తే అప్పు తీరుతుంది అంటున్నారు. ఆర్నెల్లు గడిచి ఉద్యోగం రాకపోతే ఆ అబ్బాయి ఏమనుకోవాలి? దేవుడు మోసం చేశాడనో, తన విశ్వాసం చాలలేదనో అనుకుంటాడు. రెండూ అబద్ధాలే. ఆ అబద్ధాల మధ్య నలిగి మెల్లగా కూడికకు రావడం మానేస్తాడు. దేవుడు స్వస్థపరచడని గానీ, అక్కర తీర్చడని గానీ మేము చెప్పడం లేదు. బేరం మీద మొదలైన విశ్వాసం బేరం కుదరనిరోజు ఆగిపోతుందని చెబుతున్నాం.

యోహాను ఇచ్చిన జవాబు

మన ప్రశ్నను ఇంతకుముందే కొందరు అడిగారు. లూకా సువార్త 3వ అధ్యాయం 10 నుంచి 14 వచనాలు ఇంటికి వెళ్లాక నెమ్మదిగా చదవండి. యొర్దాను దగ్గర బాప్తిస్మం కోసం వచ్చిన జనం యోహానును అడిగింది ఇదే. మేము ఇప్పుడు ఏం చేయాలి?

యోహాను ఏం చెప్పాడో గమనించండి. నలభై రోజులు ఉపవాసం ఉండమనలేదు. తనలాగా అరణ్యానికి వచ్చేయమనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. తిండి ఉన్నవాడూ అలాగే చేయాలన్నాడు. సుంకం వసూలుచేసేవాళ్లు అడిగితే, నిర్ణయించినదానికంటే ఎక్కువ గుంజవద్దన్నాడు. సిపాయిలు అడిగితే, ఎవరినీ బెదిరించి డబ్బు లాగవద్దని, తప్పుడు కేసులు పెట్టవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు.

అంటే ఎవరి పని దగ్గర వాళ్ల మారుమనస్సు కనబడాలి. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. మరి ఆ యోహాను ఇవాళ మన ఊర్జానగర్ గేటు దగ్గర నిలబడితే ఏం చెబుతాడు?

మనచేత పనిచేయించే సూపర్‌వైజర్‌తో ఏమంటాడు? హాజిరీ పుస్తకంలో వచ్చినవాడిని వచ్చినట్టు రాయి, రానివాడిని వచ్చినట్టు రాయకు అంటాడు. విశ్వాసి అయిన ఠేకేదార్‌తో, కూలీల పగారులోంచి కోసిన పి.ఎఫ్. సొమ్ము వాళ్ల ఖాతాలో కట్టు, ఆ తర్వాత మందిరానికి కానుక తెచ్చివ్వు అంటాడు. కిరాణాకొట్టు నడిపే తల్లితో తూకం గురించి మాట్లాడతాడు. ఆటో నడిపే తమ్ముడితో రాత్రిపూట ఒంటరిగా ఎక్కిన ఆడపిల్ల గురించి మాట్లాడతాడు. భర్తలతో, పగారు ఇంటికి చేరుతోందా అని అడుగుతాడు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. మన చంద్రపూర్ జిల్లాలో మహిళలు ఎన్నో ఏళ్లు పోరాడితే 2015లో మద్యనిషేధం వచ్చింది. 2021లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. చట్టం దుకాణం మూయగలదు, మళ్లీ తెరవనూ గలదు. చట్టం కోసం ఆ అమ్మలు చేసిన పోరాటం న్యాయమైనదే. కానీ దుకాణం తెరిచే ఉన్నా దాని ముందునుంచి నడిచి ఇంటికి వెళ్లే మనిషి కావాలి కదా. కొత్త విశ్వాసి అలాంటి మనిషి కావాలి. ఒక్కడే అలా నడవడం కష్టం. అందుకే సంఘంలో ఇంకొక అన్న ఆ దారిలో అతనితో కలిసి నడవాలి. మొదటి మూడు నెలలు పగారు రోజున మాత్రమైనా నడవాలి.

ఒంగోలు నేర్పిన పాఠం

మన వెనుకటి తరాలు ఈ ప్రశ్నకు ఎలా జవాబు చెప్పాయో చూద్దాం. మన చంద్రపూర్ మీదుగా దక్షిణానికి పోయే ఈ రైలు పట్టాలున్నాయి కదా, ఇవే బల్లార్షా, కాజీపేట, డోర్నకల్, విజయవాడ దాటి ఒంగోలుకు పోతాయి. తెలుగు క్రైస్తవుల చరిత్రలో పెద్ద అధ్యాయం ఒకటి ఆ ఒంగోలు చుట్టూనే జరిగింది.

యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ల పని చేసేవాడు. దేవుణ్ణి వెతుకుతూ యోగమార్గంలో గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. బంధువు ద్వారా క్రీస్తును గురించి విని, 1866లో మిషనరీ లైమన్ జూయెట్ చేత బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు. పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాక ఎవరో వచ్చి నేర్పుతారని కూర్చోలేదు. ఆయన భార్య నాగమ్మ కూడా ఆయనతో విశ్వాసంలో నిలిచింది. తనకు తెలిసినంతవరకు చుట్టుపక్కల పల్లెల్లో తనవాళ్లకు చెబుతూ పోయాడు. మరుసటి ఏడాది జనవరిలో క్లౌ ఆయన ఊరు తాళ్లకొండపాడుకు వెళ్లేసరికి, బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్న విశ్వాసులు ఎదురుచూస్తున్నారు. అక్కడ 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కొత్త విశ్వాసి ఒక్క ఏడాదిలోపే ఇంతమందికి దారి చూపాడు. ఆయన దగ్గర పట్టా లేదు, జీతం లేదు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. జనం ఆకలితో చచ్చిపోతున్నారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అదే సమయంలో ఆయన మరో నిర్ణయం తీసుకున్నాడు. సుమారు 15 నెలలపాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందుకు? అన్నం కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని. చేతిలో తిండి ఉన్నవాడు ఆకలిగొన్నవాడిని మతం అడిగితే అది సువార్త కాదు. అన్నం పెట్టాలి, కూలి ఇవ్వాలి, బదులుగా ఏమీ అడగకూడదు.

కరువు సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ ఇచ్చారు. ఆ ఏడాదిలోనే సంఖ్య తొమ్మిది వేలు దాటింది. మతమార్పిడి అంటే ప్రలోభం అని ఎవరైనా మనల్ని అంటే, కోపం తెచ్చుకోకుండా ఈ 15 నెలల సంగతి చెప్పండి. అంతకంటే ముఖ్యంగా, ఇవాళ మన మధ్య కూడా అలాంటి నియమం ఉండేలా చూడండి. సంఘం చేసే సాయం విశ్వాసికీ అవిశ్వాసికీ ఒకేలా అందాలి.

అక్కడి కొత్త విశ్వాసులకు నేర్పిన మొదటి నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి కేవలం మత నియమాల్లా కనిపిస్తాయి. కానీ ఆనాటి మాదిగపల్లె జీవితంలో పెట్టి చూడండి. ఆసామి ఏ రోజు పిలిస్తే ఆ రోజు పోవాల్సిన మనిషి, వారంలో ఒకరోజు రానని చెప్పడం అంటే ఏమిటి? నేను నీ సొత్తు కాదు అని చెప్పడమే. చచ్చిన పశువును మోసినందుకు ఆ మాంసమే ప్రతిఫలంగా తీసుకోవడం మానేస్తే? నా శ్రమకు కూలి కావాలి అని చెప్పడమే. ఊరి జాతరలో డప్పు కొట్టడం మానేస్తే? నా చేతులు నావి అని చెప్పడమే. ఎవరి తిండినీ కించపరచడానికి ఇది చెప్పడం లేదు. బలవంతపు వెట్టిని ఆ మనుషులు ఎలా వదిలించుకున్నారో చెబుతున్నాం. దానికి వాళ్లు గట్టి మూల్యమే చెల్లించారు. దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు, నీళ్లకూ దారులకూ దూరమయ్యారు. అయినా నిలబడ్డారు.

ఈ చరిత్రను గ్రంథస్థం చేయడంలో క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ పాత్ర పెద్దది. అమెరికాలో సామాజిక సువార్తను బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడే. విశ్వాసమూ న్యాయమూ వేరువేరు దారులు అనుకునేవాళ్లు ఈ అక్కాతమ్ముళ్లను గుర్తుపెట్టుకోవాలి.

రోజూ తినే ఆహారం

ఇంత నిలకడ వాళ్లకు ఎక్కడినుంచి వచ్చింది? పోరాటం ఒక్కటే మనిషిని నిలబెట్టదు. పేతురు తన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో కొత్త విశ్వాసులను అప్పుడే పుట్టిన పసిబిడ్డలతో పోల్చాడు. వాక్యమనే పాలకోసం ఆశపడమన్నాడు. పసిబిడ్డ నెలకొకసారి కడుపునిండా తాగి ఊరుకోదు. కొంచెం కొంచెంగా మాటిమాటికీ తాగుతుంది. వాక్యం కూడా అంతే. ఆదివారం గంటసేపు వినే ప్రసంగం వారమంతటికీ సరిపోదు.

ఇక్కడ మన ఊర్జానగర్‌లో ఒక ప్రత్యేక సమస్య ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చదువుతారు. చాలామందికి తెలుగు చదవడం రాదు. చేతిలో తెలుగు బైబిల్ పెడితే సిగ్గుపడి మూసేస్తారు. దాంతో విశ్వాసం అమ్మానాన్నల సంగతిగా మిగిలిపోతుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఏ లిపి వస్తే ఆ లిపిలో చదవండి. దేవుడికి అన్ని భాషలూ వచ్చు. పండిత రమాబాయి ఇదే మహారాష్ట్రలో, సామాన్య స్త్రీలకు అర్థం కావాలని, హీబ్రూ గ్రీకు భాషలు నేర్చుకుని మరీ మరాఠీలోకి బైబిల్‌ను అనువదించింది. 1922లో కన్నుమూసే ముందు వరకు ఆ పనిలోనే ఉంది. మరాఠీ చదవగలిగిన మన పిల్లలకు ఆ వారసత్వం కూడా వస్తుంది. అదే సమయంలో వారానికి ఒక గంట తెలుగు అక్షరాలు నేర్పే తరగతి సంఘంలోనే పెట్టుకుందాం. అమ్మమ్మ చదివిన పుస్తకం మనవరాలికి మూతపడకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతారు. మార్కు సువార్త చిన్నది, 16 అధ్యాయాలే. రోజుకు ఒకటి చదివితే 16 రోజులు. చదివినప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోండి. యేసు ఇక్కడ ఎవరి పక్కన నిలబడ్డాడు? ఇవాళ నేను ఎవరి పక్కన నిలబడాలి? తర్వాత అపొస్తలుల కార్యాలు చదవండి. ప్రార్థన కూడా ఇంత సరళంగానే మొదలుపెట్టండి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. షిఫ్ట్‌కు సైకిలు మీద వెళ్తూ కూడా తండ్రితో మాట్లాడవచ్చు. సందేహం వస్తే దాన్ని కూడా ఆయనకే చెప్పండి. సందేహం పాపం కాదు. మరుగుపరిస్తేనే అది కుళ్లిపోతుంది.

ఒకే పంక్తి

అపొస్తలుల కార్యములు 2:42 నుంచి చూస్తే మొదటి సంఘం బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో కొనసాగింది. రొట్టె విరవడం అంటే కలిసి తినడం. మన దేశంలో ఎవరు ఎవరితో తింటారన్నదే కులం. కాబట్టి కొత్త విశ్వాసికి పరీక్ష భోజనం దగ్గరే మొదలవుతుంది. పేతురంతటివాడే అంతియొకయలో ఈ పరీక్షలో తప్పాడు. యూదులు కొందరు రాగానే అన్యజనులతో తినడం మానేసి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ ఆయనను నిలదీశాడు. గలతీ 2వ అధ్యాయంలో ఉంది. ఇది భోజన మర్యాదల గొడవ కాదు, సువార్త సత్యానికి సంబంధించిన గొడవ అన్నది పౌలు వాదన.

కులం ఒక్కరోజులో పోదు. మరాఠీ రచయిత్రి లక్ష్మీబాయి తిలక్ జీవితం చూడండి. ఆమె భర్త, కవి నారాయణ్ వామన్ తిలక్ 1895లో బాప్తిస్మం తీసుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం. ఆమె కొన్నేళ్లు భర్తకు దూరంగా ఉండిపోయింది. తర్వాత ఆయన దగ్గరికి వచ్చినా మొదట్లో మడి, అంటు విడవలేదు. మెల్లమెల్లగా, తనకు తానుగా ఆలోచించుకుని, మనుషుల్ని వేరుచేసేది మనుషులే గాని దేవుడు కాదని తెలుసుకుంది. ఆ తర్వాత బాప్తిస్మం తీసుకుంది. ఈ ప్రయాణాన్ని ఆమె తన ఆత్మకథ 'స్మృతిచిత్రే'లో దాపరికం లేకుండా, నవ్వుతూ రాసుకుంది. ఎదగడం అంటే ఇదే. ఒక పట్టు విడిచిపెట్టాక ఇంకొకటి కనబడుతుంది, దాన్నీ విడిచిపెట్టాలి.

మరి తెలుగు సంఘాల సంగతి? మాలవాళ్ల చర్చి, మాదిగవాళ్ల చర్చి అన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. ఊరు విడిచి నాలుగువందల కిలోమీటర్లు వచ్చి, ఒకే బొగ్గుదుమ్ము పీలుస్తూ బతుకుతున్నాం. ఆ గోడను మాత్రం రైల్లో పెట్టుకుని వెంట తెచ్చుకున్నాం. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు విశ్వాసి అయితే చాలు అని, ఆ వెంటనే గొంతు తగ్గించి మనవాళ్లేనా అని అడిగే తల్లిదండ్రులున్నారు. యువతీ యువకులారా, ఈ గోడ మీ తరంలో కూలాలి. ఆ పని రేపు ప్రేమవిందులో ఎవరి పక్కన కూర్చుంటారన్న దగ్గరే మొదలుపెట్టవచ్చు.

పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకుందాం

మన పొరుగున బౌద్ధ కుటుంబాలున్నాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన డాక్టర్ అంబేద్కర్, రెండు రోజులకే అక్టోబరు 16న మన చంద్రపూర్‌కు వచ్చి ఇక్కడ కూడా లక్షలాది మందికి దీక్ష ఇచ్చారు. ఇప్పటికీ ఏటా ఆ రోజుల్లో దీక్షాభూమి జనంతో నిండిపోతుంది. ఆ రోజు ఆయన ఇచ్చినవి 22 ప్రతిజ్ఞలు. అందులో మనుషులంతా సమానమని నమ్ముతానన్నది ఉంది, ఆ సమానత్వం కోసం పాటుపడతానన్నది ఉంది, మద్యం తాగనన్నది ఉంది. అంతకు చాలా ముందే, 1927లో మహాడ్‌లో ఆయన తనవాళ్లను చచ్చిన పశువుల మాంసం మానమని కోరారు. ఒంగోలు పల్లెల్లో అరవై ఏళ్ల ముందు వినిపించిన మాటే అది.

మన విశ్వాసం వేరు. మనం యేసును ప్రభువుగా ఒప్పుకున్నాం. అయినా వాళ్లనుంచి నేర్చుకోవాల్సింది ఉంది. కొత్త జీవితం అంటే ఏది వదిలేస్తున్నామో, దేనికి కట్టుబడుతున్నామో స్పష్టంగా, బయటికి, అందరి ముందు చెప్పడం. వాళ్ల ఇంట్లో పెళ్లికి వెళ్లండి, చావుకు వెళ్లండి. పక్కింటి హిందూ తల్లి ప్రసాదం తెచ్చిస్తే ఆమెను కించపరిచే మాట మాట్లాడకండి. కొత్తగా నమ్మిన ఉత్సాహంలో కొందరు తల్లిదండ్రులనే తిడతారు, పాత ఫొటోలు కాళ్లతో తన్నుతారు. అది విశ్వాసం కాదు, అహంకారం. మీ అమ్మ దేవుణ్ణి మీరు నమ్మకపోవచ్చు. మీ అమ్మను గౌరవించమని మీ దేవుడే ఆజ్ఞాపించాడు.

ఇంకో సంగతి. మన కాలనీ పక్కనున్న థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. కరెంటు దూరపు ఊళ్లకు పోతుంది, బూడిద మన ఇళ్లమీద పడుతుంది. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల్లో చంద్రపూర్‌ను చేర్చింది. ఆ గాలి విశ్వాసినీ అవిశ్వాసినీ చూసి వీయదు. శుభ్రమైన గాలి, నీళ్లు, బూడిద గుంటల పక్కన బతికేవాళ్ల ఆరోగ్యం కోసం బస్తీవాళ్లు అర్జీ పెడితే, దాని మీద మన సంతకం కూడా ఉండాలి. పొరుగువాడిని ప్రేమించు అన్న ఆజ్ఞలో అది కూడా ఉంది.

కాగితాల ప్రశ్న

ఇక మీలో చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ ఏమవుతుంది?

దీన్ని దాటవేయడం న్యాయం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం మొదట హిందువులకే షెడ్యూల్డు కుల హోదా ఉండేది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను బీసీ–సిలో పెట్టారు. హోదాకూ మతానికీ ముడి విప్పాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది. 2024 నవంబరులో ఒక కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడాన్ని అంగీకరించలేదు.

మేము చెప్పేది ఇది. ఒకటి, మతం మారినంతమాత్రాన ఊళ్లో కులం మారదు. పేరు మారినా దళితుడిని దళితుడిగానే చూస్తారు. కాబట్టి ఈ చట్టం అన్యాయమైనది. దాన్ని మార్చమని అడగడం మన హక్కు, మన బాధ్యత. రెండు, పిల్లల చదువుకోసం భయపడి సంతకం దగ్గర తడబడే పేద తల్లిని వేదికమీదనుంచి ఎవరూ రాళ్లతో కొట్టకూడదు. ఆమెను ఆ మూలకు నెట్టిన చట్టాన్ని ముందు ప్రశ్నించాలి. మూడు, కొత్త విశ్వాసికి ఈ సంగతులన్నీ బాప్తిస్మానికి ముందే చెప్పాలి. ఏం పోతుందో తెలియకుండా చేయించిన నిర్ణయం స్వేచ్ఛగా చేసిన నిర్ణయం కాదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క వేసుకుంటాడని ప్రభువే చెప్పాడు. లెక్క తెలిసి వచ్చినవాడు నిలబడతాడు.

పాత విశ్వాసులకు ఒక మాట

ఇప్పుడు పెద్దలతో మాట్లాడాలి. సౌలు మారాడని విన్నప్పుడు యెరూషలేములో ఎవరూ నమ్మలేదు. అందరూ భయపడి దూరంగా జరిగారు. బర్నబా ఒక్కడే అతని చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. బర్నబా లేకపోతే మనకు పౌలు దొరికేవాడా? అపొల్లోకు సగమే తెలిసినప్పుడు ప్రిస్కిల్ల, అకుల అతన్ని సభలో అవమానించలేదు. ఇంటికి పిలిచి, విడమరచి చెప్పారు. మన సంఘంలో ప్రతి కొత్త విశ్వాసికి ఒక బర్నబా ఉన్నాడా? పెద్దలు ఈ లెక్క తీయాలి.

పని కూడా అప్పగించాలి. మన దారిలోని డోర్నకల్ గురించి చెప్పాం కదా. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవారి చేత వాళ్ల చేతిని వాళ్ల తలమీదే పెట్టించి, మొదటి కొరింథీ 9:16లోని పౌలు మాటను చెప్పించేవారు. సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న భావం గల మాట అది. బిషప్ చేయి కాదు, తన చేయే తన తలమీద. చదువురాని కూలీ కూడా ఆ నిమిషంనుంచే సాక్షి. కొత్తవాళ్లను అయిదేళ్లు చాపలు పరచడానికే వాడుకుంటే వాళ్లు ఎదగరు. పెద్దలూ చాపలు పరవాలి, కొత్తవాళ్లూ లేఖనం చదవాలి. అక్కచెల్లెళ్లకు కూడా అంతే అవకాశం ఉండాలి.

రేపటినుంచి

చివరగా, ఇంటికి పట్టుకెళ్లడానికి అయిదు పనులు. మొదటిది, మార్కు సువార్త రేపే మొదలుపెట్టండి. రెండోది, మీ బర్నబా ఎవరో ఈ వారంలో తేల్చుకోండి, లేకపోతే సిగ్గుపడకుండా అడగండి. మూడోది, మీ పని దగ్గర మారాల్సిన ఒక్క విషయాన్ని రాసుకుని ఈ నెలలో దాన్ని మార్చండి. నాలుగోది, ఇంతవరకూ మీరు ఇంట్లోకి పిలవని కులంవాళ్లను భోజనానికి పిలవండి, వాళ్లు పిలిస్తే వెళ్లండి. అయిదోది, పడిపోతే దాక్కోకండి. పడిన రోజే తిరిగి రండి. మూడుసార్లు బొంకిన పేతురుకు యేసు సముద్రం ఒడ్డున తానే వండి పెట్టి, మళ్లీ పని అప్పగించాడు.

ఏడాది తర్వాత మనం మళ్లీ కూడుకున్నప్పుడు ఎన్ని బాప్తిస్మాలు జరిగాయని అడగం. ఇంట్లో భార్య ముఖం ఎలా ఉంది, పనిలో తోటి కూలీ మిమ్మల్ని నమ్ముతున్నాడా, పంక్తిలో ఎవరెవరు కూర్చుంటున్నారు అని అడుగుతాం.

ప్రార్థిద్దాం. తండ్రీ, నీ కుమారుని వెంబడించడానికి బయలుదేరిన ఈ పిల్లలను బలపరచు. వాళ్లకు రోజువారీ ఆహారాన్నీ, కలిసి నడిచే తోడునూ ఇవ్వు. అన్యాయం ముందు తలవంచని ధైర్యాన్నీ, మనుషులముందు తలెత్తని వినయాన్నీ ఇవ్వు. ఈ ఊర్జానగర్ గాలినీ, గనుల్లో దిగే మా అన్నలనూ, వాళ్లకోసం ఎదురుచూసే మా అమ్మలనూ కాపాడు. మా ప్రభువైన యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.